కస్టమర్ చూపించిన ఫోటో కాకుండా, సొంతంగా హెయిర్ డిజైన్ ఎలా తయారు చేసుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరేళ్లుగా సెలూన్‌లో పని చేస్తున్నారు. కస్టమర్ ఫోన్‌లో ఏ ఫోటో చూపించినా అచ్చం అలాగే దించేస్తారు. ఈ మధ్యే మిమ్మల్ని సీనియర్ స్టయిలిస్ట్‌ని చేశారు. మూడు నెలల్లో పెళ్లిళ్ల సీజన్‌కి నాలుగు సొంత లుక్స్ తయారు చేసి టీమ్‌కి నేర్పమన్నారు. కాగితం ముందేసుకుని కూర్చుంటే ఇదివరకు చూసిన ఫోటోలే గుర్తొస్తున్నాయి, కొత్తగా ఏమీ తట్టడం లేదు. ఒకవేళ తట్టినా అది పూర్తయిందని ఎలా తెలుస్తుంది? ఇదే కదా అమ్మా మీరు అడిగింది.

ముందు సమాధానం చెప్పేస్తాను. కాగితం పక్కన పెట్టి జుట్టు ముందు కూర్చోండి. నాలుగు లుక్స్ గురించి ఇప్పుడే ఆలోచించకండి, ఒక్కటే మొదలుపెట్టండి. ఆ లుక్ ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగేదాకా దువ్వెన పట్టుకోవద్దు. తర్వాత దాన్ని డమ్మీ తల మీద చేయండి, ఆపైన కనీసం మూడు రకాల నిజమైన తలల మీద చేయండి. చేసిన ప్రతిసారీ ఒక్క మార్పే చేయండి. మీరు రాసిచ్చిన షీట్ చూసి, మీరు పక్కన లేకుండా, మీ జూనియర్ అదే లుక్ చేయగలగాలి. ఆరు గంటల తర్వాత కూడా అది నిలబడి ఉండాలి. ఈ రెండూ జరిగిన రోజు డిజైన్ పూర్తయినట్టు. మిగతా మూడు లుక్స్ ఆ ఒక్కదాని నుంచే వస్తాయి.

ఇప్పుడు ఎందుకో, ఎలాగో చెప్తాను. కాస్త పెద్ద సమాధానమే, తీరిగ్గా చదవండి.

నేను ఈ పనిలోకి వచ్చి 24 ఏళ్లు. తెనాలిలో మా నాన్న షాపులో మొదలుపెట్టాను. తర్వాత పదేళ్లు హైదరాబాద్‌లో చేసి, ఇప్పుడు విజయవాడలో సొంతంగా నడుపుకుంటున్నాను. కత్తెర చేతికి ఇవ్వడానికి ముందు నాన్న ఏడాదిపాటు నాతో ఒకే పని చేయించారు. కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ సుడి ఎక్కడుందో, అది ఎటు తిరిగిందో చూసి చెప్పాలి. సుడికి ఎదురు పోతే ఎంత బాగా కోసినా తెల్లారేసరికి లేచి నిలబడుతుందని అనేవారు. అప్పట్లో విసుగొచ్చేది. ఈరోజు నేను చేసే ప్రతి డిజైన్ అక్కడే మొదలవుతోంది.

ఖాళీ కాగితం మీద మనం గీసే జుట్టుకి బరువు ఉండదు. సుడి ఉండదు, చెమట పట్టదు, ఉదయం పెట్టిన నూనె ఉండదు. అందుకే అక్కడ మనసు పాత ఫోటోల దగ్గరికే పోతుంది. జుట్టుని చేతిలో పట్టుకుంటే అదే మనల్ని ప్రశ్న అడుగుతుంది. ఈ వారం మీ కుర్చీలో కూర్చునే పదిమంది గురించి ఒక్కో లైను రాసుకోండి. సుడి ఎక్కడుంది, పాపిట ఎటు, ముందు హెయిర్‌లైన్ ఎలా ఉంది, వెంట్రుక సన్నమా మందమా, ఒత్తు ఎంత, నీళ్లు తగిలితే ఏమవుతుంది, ఇంతకుముందు ఏం వేయించుకున్నారు, రోజూ ఇంట్లో ఎలా వేసుకుంటారు. పది లైన్లు పూర్తయ్యేసరికి రెండు మూడు ఇబ్బందులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఒకేచోట పాపిట తీసి అక్కడ మాడు కనిపిస్తూ ఉండొచ్చు. స్మూతెనింగ్ చేయించిన జుట్టులో పిన్ను నిలవకపోవచ్చు. సొంత డిజైన్‌కి విత్తనం ఆ ఇబ్బందే.

నేను మొదటినుంచి చివరిదాకా నడిపించిన ఒక లుక్ గురించి వివరంగా చెప్తాను. పద్ధతి అంతా అందులోనే ఉంది.

ఎనిమిదేళ్ల కిందట భీమవరం దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. నడుము దాటిన జుట్టున్న అమ్మాయి. నిండుగా మల్లెల పూలజడ, లోపల సవరం, చివర జడగంటలు. గదిలో అద్దం ముందు చూస్తే కన్ను తిప్పుకోలేనట్టుంది. తలంబ్రాల సమయానికి ఆ అమ్మాయి ఎడం చేత్తో మెడ పట్టుకుని కూర్చుంది. ఫోటోగ్రాఫర్ చెయ్యి తీయమన్నప్పుడల్లా తీసి, మళ్లీ పట్టుకుంటోంది. మండపం పక్కన నిలబడి అది చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వారం తర్వాత అలాంటి పూలజడే ఇంకొకటి కట్టించి తూకం వేశాను. ఒక్క పూలే 700 గ్రాములు. సవరం, జడగంటలు కలిపితే కిలోకి దగ్గర. అంత బరువూ వేలాడేది మెడ పైన, తల మొత్తంలో అతి సన్నటి, పొట్టి వెంట్రుకలు ఉండే చోట. అప్పుడు నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాసుకున్నాను: "బరువు నడినెత్తి మోయాలి, మెడ కాదు, ముందు నుంచి మామూలు పాపిట, వెనక నుంచి పండగ." నా కాన్సెప్ట్ అంతా అదే. ఏ పూలు, ఎన్ని పాయలు, ఏ నగ అన్నవి ఏవీ అందులో లేవు. అవన్నీ తర్వాత ఆ వాక్యానికి లోబడి వచ్చాయి.

మొదటిసారి చేసినప్పుడు జడని నడినెత్తి దగ్గరే మొదలుపెట్టి, పైనుంచి పాయలు కలుపుకుంటూ కిందికి దించాను. బరువు సమస్య తీరింది. కానీ పక్కనుంచి ఫోటో తీసి చూస్తే నెత్తిన గడ్డలా ఉంది, మెడ పొట్టిగా కనిపిస్తోంది.

ఇక్కడ లేపాక్షి నాకు సాయపడింది. ముందు ఏడాది చలికాలంలో వీరభద్రాలయం చూసి వచ్చాను. విజయనగర కాలం నాటి, 16వ శతాబ్దపు చిత్రాలు పైకప్పు మీద ఉంటాయి. వాటిలో చాలా ముఖాలు పక్కనుంచి గీసినవే. చుట్టూ ముదురు రంగు గీత ఉంటుంది. చీరల అంచులు చూడటానికి చాలామంది వెళ్తారు. నేను మాత్రం నుదుటి నుంచి మొదలై నెత్తి మీదుగా మెడ దాకా దిగే ఆ ఒక్క గీతనే నోట్‌బుక్‌లో మళ్లీ మళ్లీ గీసుకున్నాను. కళ్లు, ముక్కు, నగలు ఏవీ వేయలేదు. నా మొదటి లుక్ పక్క ఫోటో మీద పారదర్శక కాగితం పెట్టి అదే గీత తీసి చూశాను. మూడు చోట్ల విరిగింది.

మనం అద్దంలో చూసుకుంటూ పని చేస్తాం కాబట్టి ముందు వైపుకి డిజైన్ చేస్తాం. మన పెళ్లిలో పెళ్లికూతురి జుట్టు జనానికి కనిపించేది పక్కనుంచి, వెనకనుంచి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తల వంచుతుంది, అప్పుడు పైనుంచి కూడా కనిపిస్తుంది. ముందు పక్క గీత గీయండి. ఆ గీత బాగుంటేనే మిగతాది చేయండి.

రెండోసారి ఎత్తు తగ్గించాను. నడినెత్తి దగ్గర రెండు సన్నటి జడలు అల్లి, వాటిని చుట్టగా చుట్టి తలకి అంటిపెట్టి, పైన జుట్టు కప్పేశాను. అసలు జడని ఆ చుట్టకి కట్టాను. బరువు అంతా చుట్ట మోస్తుంది, బయటికి చుట్ట కనిపించదు. గీత సాఫీగా వచ్చింది.

మూడోసారి మార్చింది పిన్నులు మాత్రమే. లెక్క పెడితే 52 పిన్నులు పట్టాయి. పిన్నుల సంఖ్య పెరుగుతోందంటే పునాది బలహీనంగా ఉందని అర్థం. మా అమ్మమ్మ వాళ్లు పూలజడని సూదీ దారంతో జడకే కుట్టేవారు. అదే చేశాను. పిన్నులు 19కి దిగాయి, మోడల్‌గా కూర్చున్న అమ్మాయి తలనొప్పి అనలేదు.

నాలుగోసారి పూలు తగ్గించాను. జడ నడుమ వెన్నుపూసలా ఒక్క వరసే ఉంచి, రెండు పక్కలా జుట్టు కనిపించేలా వదిలాను. నాకు చాలా నచ్చింది. ట్రయల్‌కి వచ్చిన పెళ్లికూతురి తల్లి మాత్రం "బోసిగా ఉంది బాబూ" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. మన దగ్గర పూలజడ నిండుదనానికి గుర్తు. ఆ నిండుదనం తీసేస్తే అది ఇంకేదో లుక్ అవుతుంది, పెళ్లి లుక్ కాదు. మన మనసుకి నచ్చింది కదా అని ఇలాంటి మాటని తోసిపుచ్చకండి.

అందుకని ఐదోసారి మల్లెలు పెంచకుండా జడ వెడల్పు పెంచాను. పాయల అంచులు మెల్లగా లాగి వదులు చేశాను. రెండు అంచులకీ మరువం, దాని పక్కన సన్నగా కనకాంబరం. మరువం తేలిక, ఆకుపచ్చ రంగు వల్ల జడ అంచు దూరానికి కూడా తెలుస్తుంది. కంటికి నిండుగా ఉంది, తూకం మొదటిదానిలో సగానికి తక్కువ.

ఆరోసారి ఆ అమ్మాయిని పీట మీద బాసింపట్టు వేయించి రెండు గంటలు కూర్చోబెట్టాను. లేచేటప్పుడు జడ చివర తన కిందే పడి నలిగి, తల వెనక్కి గుంజింది. డమ్మీ మీద వందసార్లు చేసినా తెలియని సంగతి ఇది. చివరని జానెడు పైకి తెచ్చాను. అక్కడితో ఆపాను. మొదటిసారి 2 గంటల 40 నిమిషాలు పట్టిన పని చివరికి 70 నిమిషాలకి వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం ఉన్నప్పుడు ఆ తేడా ఎంతో మీకు తెలుసు.

తర్వాత షీట్ రాసి జూనియర్‌కి ఇచ్చి నేను బయట కూర్చున్నాను. చుట్ట దగ్గర తప్పు పోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నేను "టైట్‌గా చుట్టాలి" అని రాశాను. నా చేతి టైట్ వేరు, తన చేతి టైట్ వేరు. దాన్ని కొట్టేసి "చుట్ట కింద చిటికెన వేలు దూరకూడదు" అని రాశాక ఎవరు చేసినా ఒకేలా వస్తోంది. షీట్‌లో తల బొమ్మ నాలుగు వైపులా వేయండి: ముందు, వెనక, ఒక పక్క, పైన. సెక్షన్లు గీయండి. పిన్నుల లెక్క, ఏ దశకి ఎన్ని నిమిషాలు, ఏ ప్రొడక్ట్ ఎంత అన్నవి అంకెల్లో రాయండి. కటింగ్ అయితే ఏ సెక్షన్‌ని ఎన్ని డిగ్రీలు ఎత్తి కోయాలో, ఎటు లాగి కోయాలో రాయండి. "కొంచెం", "బాగా", "తగినంత" అనే మాటలు ఎక్కడ రాశారో, మీ టీమ్ సరిగ్గా అక్కడే తడబడుతుంది.

ఒక్కోసారి ఒక్క మార్పే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పూలు తగ్గించి, ఎత్తు కూడా తగ్గించి ఉంటే, ఆ తల్లి బోసిగా ఉందన్నది దేన్ని చూసి అన్నదో నాకు తెలిసేది కాదు.

ఇక కలర్ సంగతి. రిసెప్షన్ లుక్స్‌లో మీకు ఇది తప్పకుండా వస్తుంది.

జుట్టు రంగుని లెవెల్స్‌లో కొలుస్తాం: కారు నలుపు 1, అతి లేత రంగు 10. మన జుట్టు సహజంగా చాలావరకు 1 నుంచి 3 లెవెల్ మధ్య ఉంటుంది. లైట్ చేస్తున్నకొద్దీ లోపలి రంగు బయటపడుతుంది: ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన పసుపు. యాష్ (బూడిద రంగు), సిల్వర్ లాంటివి అడిగితే లేత పసుపు దాకా తీసుకెళ్లి టోనర్‌తో పసుపుని చంపాలి. మన జుట్టుకి అది చాలా దూరం ప్రయాణం, దారిలో జుట్టు నలిగిపోతుంది. పైగా కొన్ని ఉతుకులకే టోనర్ పోయి అడుగున ఉన్న పసుపు బయటికొస్తుంది. నేను చాలా ఏళ్లు ఆ నారింజతో పోట్లాడాను, నీలం టోనర్లు పోసి పోసి.

ఒకరోజు గుంటూరు పూల మార్కెట్లో కనకాంబరాల గంప చూస్తూ నిలబడిపోయాను. నేను వద్దని చంపుతున్న రంగే అది. మన ఆడవాళ్లు తరతరాలుగా నల్లటి జుట్టులో కోరి పెట్టుకున్న రంగు. అంతే, వాక్యం వచ్చేసింది: "జుట్టులో కనకాంబరం దాచాలి." 6, 7 లెవెల్ దాకా లైట్ చేస్తే చాలు, జుట్టు తనంతట తాను ఇచ్చే నారింజనే కాపర్ షేడ్‌తో సరిదిద్దుతాం. 20 వాల్యూమ్ డెవలపర్‌తో నిదానంగా వెళ్లొచ్చు, 40 జోలికి పోవాల్సిన పని లేదు. డెవలపర్ అంటే లైట్నింగ్ పొడిలో కలిపే పెరాక్సైడ్ ద్రవం, అంకె పెరిగితే ఘాటు పెరుగుతుంది.

మొదట పైన హైలైట్స్‌లా వేశాను. చారలు చారలుగా, అతికించినట్టు కనిపించింది. పువ్వు జుట్టు పైన పరిచినట్టు ఉండదు కదా, మడతలోంచి తొంగి చూస్తుంది. రెండోసారి చెవి వెనక, పై పొర కింద మాత్రమే వేశాను. జుట్టు కట్టినప్పుడు కొంచెం, తల తిప్పినప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. ఆఫీసుకి వెళ్లేవాళ్లు పై పొర వదిలేస్తే రంగు ఉన్నట్టే తెలియదు. కాపర్ త్వరగా వెలుస్తుంది, అది దాని స్వభావం. కాబట్టి ఆరు వారాల తర్వాత ఎలా ఉంటుందో కూడా డిజైన్‌లో భాగమే. ఇది వెలిసి తేనె రంగులోకి దిగుతుంది, అప్పుడూ బాగుంటుంది. జుట్టు నెలకి సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. లోపలి పొరలో వేశాం కాబట్టి మొదళ్లలో నలుపు వచ్చినా గీతలా కొట్టదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి, దయచేసి శ్రద్ధగా చదవండి. ఈ పనిలో ఎనిమిదో ఏడు. ఫోటో షూట్ కోసం ఒక అమ్మాయి మోడల్‌గా ఒప్పుకుంది. "గోరింటాకు తప్ప ఏమీ పెట్టలేదు" అంది. టైమ్ లేదని స్ట్రాండ్ టెస్ట్ (ముందు ఒక్క పాయ మీద మందు వేసి చూడటం) మానేసి, నేరుగా లైట్నింగ్ మందు రాసి ఫాయిల్ చుట్టాను. పది నిమిషాలకి ఫాయిల్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. వెంటనే కడిగాను. అప్పటికే కొన్ని పాయలు చెవి దాకా తెగిపోయాయి. తను వాడింది ఆకు గోరింటాకు కాదు, లోహ లవణాలు కలిపిన నల్ల మెహందీ పొడి. పెరాక్సైడ్ తగలగానే ఆ లోహాలు అలా వేడి పుట్టిస్తాయి. ఆ అమ్మాయి జుట్టు భుజాల దాకా కత్తిరించాల్సి వచ్చింది. తను నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా బాధ.

అప్పటినుంచి నా దగ్గర రెండు నియమాలు, వీటికి మినహాయింపు లేదు. కలర్‌కి 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద కాస్త రాసి అలర్జీ వస్తుందేమో చూడటం). ఏ కొత్త మోడల్ అయినా ముందు స్ట్రాండ్ టెస్ట్. మెహందీ అనుమానం ఉంటే రాలిన వెంట్రుకలు కొన్ని తీసుకుని, 20 వాల్యూమ్ పెరాక్సైడ్‌లో కొన్ని చుక్కల అమోనియా కలిపి, గాజు గిన్నెలో అరగంట ఉంచండి. వేడెక్కినా, నురగలు వచ్చినా, చెడు వాసన వచ్చినా, జుట్టు వెంటనే తెల్లబడినా ఆ తల మీద లైట్నింగ్ చేయకండి. ఏ మార్పూ లేకపోయినా అదొక్కటే చూసి ధైర్యపడకండి, కొన్ని లోహాలు అసలు రంగు మారనివ్వవు. అలాంటప్పుడు ఆ లుక్ వదిలేసి, జుట్టు పెరిగేదాకా కటింగ్‌తో, స్టయిలింగ్‌తో చేయగలిగింది చేయండి.

బోరు నీళ్ల సంగతి కూడా గుర్తుంచుకోండి. గట్టి నీళ్లలో ఏళ్ల తరబడి తలంటుకున్న జుట్టు మీద ఖనిజాల పొర పేరుకుంటుంది. లైట్నింగ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ముందు ఆ ఖనిజాలని వదిలించే కీలేటింగ్ షాంపూతో కడిగి మొదలుపెట్టండి.

డమ్మీల గురించి క్లుప్తంగా చెప్తాను. సింథటిక్ డమ్మీ అల్లికకి సరిపోతుంది, కలర్‌కి పనికిరాదు, వేడికి కరుగుతుంది. నిజమైన జుట్టు డమ్మీ కొనండి, ఖర్చయినా సరే. కానీ అందులో జుట్టు ప్రాసెస్ చేసినది. దానికి నూనె లేదు, చెమట లేదు, సుడి లేదు. గాలిలో తేమకి కర్ల్ ఎలా దిగుతుందో అది చెప్పలేదు. వేడితో పెట్టిన కర్ల్ నిలబడేది వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాల మీద, తేమ తగిలితే అవి విడిపోతాయి. అందుకే హైదరాబాద్‌లో ట్రయల్‌కి అద్భుతంగా ఉన్న కర్ల్ విశాఖ బీచ్ పెళ్లిలో గంటకే సాగిపోతుంది. తీరప్రాంతం పెళ్లికి కర్ల్ మీద ఆధారపడే లుక్ నేను డిజైన్ చేయను, అల్లిక మీద చేస్తాను. మీ సెలూన్ రాజమండ్రిలో అన్నారు కాబట్టి ఈ మాట మీకు బాగా పనికొస్తుంది.

ఐడియాలు ఎక్కడ వెతకాలో కూడా అడిగారు. ఫోన్ చూడొద్దని నేను చెప్పను, ట్రెండ్ తెలియాలి. కానీ ఇంకొకరి జుట్టు చూసి జుట్టు చేస్తే అది నకలే అవుతుంది. జుట్టు కానిదాన్ని చూసి చేస్తే, దాన్ని జుట్టులోకి మార్చే పని మీరే చేయాలి, ఆ మార్పిడిలోనే మీ చేయి పడుతుంది. లండన్‌లో విడాల్ ససూన్ అనే హెయిర్ డ్రెస్సర్ 1964లో ఫైవ్ పాయింట్ కట్ (ఐదు కొనలు తేలే పొట్టి కటింగ్) తెచ్చాడు. ఆయన మనసు భవనాల మీద, జర్మనీలో పుట్టిన, అలంకారం లేని సాదా ఆకారాల బౌహౌస్ ఆర్కిటెక్చర్ మీద ఉండేది. ఆ కటింగ్‌లోని కోణాలు, శుభ్రమైన గీతలు అక్కడినుంచి వచ్చినవే. మనకి దగ్గర్లోనే ఎంతో ఉంది. కూచిపూడిలో సత్యభామ జడని తెర మీదుగా వేసే ఘట్టం చూడండి. పాత్ర ఇంకా కనిపించదు, జడ ఒక్కటే కనిపిస్తుంది, ఆ జడే ఆవిడ ఎవరో చెప్పేస్తుంది. నేనైతే ఆ ఘట్టం చూసిన ప్రతిసారీ నా లుక్‌లో ముఖం లేకుండా జడ ఒక్కటే ఏం చెప్తోంది అని ప్రశ్నించుకుంటాను. బుట్టల అల్లిక, చేపల వల, వరి కుప్ప, నూలు చిలప, ఏదైనా సరే. ఒకటి తీసుకుని దాని బొమ్మ కాకుండా దాని పని పట్టుకోండి. బుట్ట బరువుని ఎలా పంచుకుంటుంది? వల ఎక్కడ ముడి పడుతుంది?

వేరే స్టయిలిస్ట్ దగ్గర చూసిన టెక్నిక్ వాడితే షీట్ మీద వాళ్ల పేరు రాయండి, టీమ్‌కి కూడా చెప్పండి. మోడల్స్ ఫోటోలు వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. ఇవి చిన్న విషయాలు కావు.

అభిప్రాయం అడిగే పద్ధతి కూడా మార్చుకోండి. "ఎలా ఉంది?" అంటే అందరూ బాగుందనే అంటారు. "ముందు మీ కన్ను ఎక్కడికి పోయింది?" అని అడగండి. ఐదుగురిలో నలుగురు పిన్ను కనిపిస్తున్న చోటు చెప్తే సమస్య తెలిసిపోతుంది. నేను ఇంకొకటి చేస్తాను: ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, కళ్లు సగం మూసి చూస్తాను. రంగులు, పూలు మాయమై ఆకారం ఒక్కటే మిగులుతుంది. ఆకారం అప్పుడు కూడా బాగుంటే డిజైన్ ఉంది. లేకపోతే పూలు ఒక్కటే ఉన్నట్టు. చేసిన వెంటనే, మూడు గంటలకి, ఆరు గంటలకి, ఒకే చోట నిలబెట్టి ఫోటోలు తీయండి. పెళ్లి వీడియో లైట్ల వెలుగులో కూడా ఒకసారి చూడండి. కాపర్ ఆ వెలుగులో మరీ ఎర్రగా కనిపించి ఒకసారి షేడ్ మార్చుకోవాల్సి వచ్చింది.

మీ నాలుగు లుక్స్ విషయానికి వద్దాం. ఒక పునాది గట్టిగా తయారయ్యాక దాన్ని అలాగే ఉంచి, ఒక్కో లుక్‌కి ఒక్కటి మార్చండి. నా చుట్ట పునాది మీదే పూలజడ వచ్చింది. అదే చుట్టకి జడ బదులు మెడ మీదికి జారిన ముడి కడితే రిసెప్షన్ లుక్. ఒక పక్కకి జరిపి వదులుగా అల్లితే సంగీత్‌కి. భుజాల దాకే జుట్టున్నవాళ్లకి చుట్ట మీద సవరం కట్టి చిన్న కొప్పు. టీమ్ నేర్చుకోవాల్సింది నాలుగు లుక్స్ కాదు, ఒక పునాది, నాలుగు ముగింపులు. సీజన్ రద్దీలో, రెండు గంటల నిద్రతో చేసే చేతులకి ఇది ఎంత సాయమో చూస్తారు.

మూడు నెలల్లో మొదటి ఆరు వారాలూ ఆ ఒక్క పునాది మీదే ఉండండి. మీ ఓనర్‌కి తొందర ఉంటే పక్క గీత, తూకం, నిమిషాల లెక్క ఉన్న షీట్ చూపించండి. పని జరుగుతోందని వాళ్లకీ తెలుస్తుంది. మిగతా ఆరు వారాల్లో ముగింపులు, జూనియర్ల ట్రయల్స్, ఫోటోలు అన్నీ పడతాయి. మధ్యలో రెండు మూడు ఐడియాలు చచ్చిపోతాయి, వాటిని నోట్‌బుక్‌లోనే ఉంచండి. నా కనకాంబరం లుక్‌లో చెవి వెనక సెక్షన్ అంతకు మూడేళ్ల కిందట పనికిరాదని వదిలేసిన ఒక కటింగ్ నుంచి తీసుకున్నదే.

ముందు ఆ పది తలల లైన్లు రాయండి అమ్మా. పేర్లు లేకుండా ఇక్కడే కామెంట్‌లో పెట్టండి. ఏ తల నుంచి మొదలుపెడితే బాగుంటుందో, అందులో ఏ ఇబ్బంది డిజైన్‌గా మారుతుందో కూర్చుని చూసి చెప్తాను. ఆదివారం రద్దీ ఉంటుంది, సోమవారం సెలూన్‌కి సెలవు, ఆ రోజు జవాబు రాస్తాను.